ఎల్లారెడ్డి కోసం ఆగిన యంత్రం

“మళ్లీ మొదటి నుంచి చెప్పు బేటా. కరెంటు పోయింది, వచ్చింది. తర్వాత?”

“తర్వాత ఏముంటది చాచా? అందరం కిందికి పోయినం. చాయ్ తాగనీకి.”

“సర్వర్ గది వదిలేసి?”

“సర్వర్ లేస్తున్నది గద. అది లేచేదాక ఇక్కడ కూసొని ఏం జేస్తం?”

మెహక్ ఆ మాట అన్న తీరులో జంకు లేదు. అదే ఖుద్దూస్‌ను ఆలోచనలో పడేసింది. అబద్ధమాడేవాళ్లు తమ నిర్లక్ష్యానికి సాకు వెతుక్కుంటారు. ఈ అమ్మాయికి అది నిర్లక్ష్యమన్న సంగతి కూడా తోచలేదు. వాన వస్తే గొడుగు విప్పినంత సహజంగా చెప్పింది.

ఇద్దరూ ఇళ్లలో ఉర్దూ మాట్లాడేవాళ్లే. అయినా ఈ గదిలో అడుగుపెట్టినప్పటి నుంచి ఖుద్దూస్ తెలుగు దాటి వెళ్లలేదు. తలుపు దగ్గర మేనేజర్ రాజలింగు నిలబడి ఉన్నాడు. కిటికీ పక్కన, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, హైదరాబాద్ నుంచి వచ్చిన కంప్యూటర్ల ఆడిటర్ సతీశ్ ఉన్నాడు. తనూ మెహక్ ఉర్దూలో ఏదో కూడబలుక్కున్నారన్న మాట రేపు ఎవరి నోటా రాకూడదు.

అది కామారెడ్డిలో డాక్టర్ చరణ్ నడిపే స్కానింగ్ సెంటర్. పోయిన మంగళవారం కరెంటు పోయి వచ్చిన సమయంలో సర్వర్ అరలోంచి ఒక డిస్కు మాయమైంది. అందులో పోయిన ఏడాది స్కాన్లున్నాయి. వాటిలో ఒకటి రామారెడ్డి ఊరి రైతు భూమేశ్ భార్యది. ఏమీ లేదని డాక్టర్ చరణ్ రిపోర్టు ఇచ్చాడు. ఆమె చలికాలం దాటలేదు. అసలు స్కాన్ చూపించండని భూమేశ్ వచ్చి అడిగిన వారంలోనే డిస్కు పోయింది. సతీశ్ వచ్చీ రాగానే దొంగను తేల్చేశాడు: స్కాన్‌ను చేతిలో పెట్టుకుని బేరమాడే ఉద్దేశంతో ఆపరేటర్ మెహక్ డిస్కు తీసింది. ఈ సాయంత్రం ఐదింటికి ఆమె పేరు మీద పోలీసులకు ఫిర్యాదు వెళ్తుంది.

నిన్న మెహక్ తల్లి బిల్కిస్ ఖుద్దూస్ గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగింది. “ఠాణాల ఒకసారి పేరు ఎక్కితే, కొట్టేసినా అక్షరాలు కనబడుతనే ఉంటయి భాయ్. ఎక్కకముందే ఆపగలరా?”

పోలీసు శాఖ కంప్యూటర్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి బయటికి వచ్చిన ఖుద్దూస్‌కు ఆ మాటలోని నిజం తెలుసు. అందుకే ఆపగలనని చెప్పలేదు, వస్తానన్నాడు. సాయంత్రం దాకా గది పరిశీలించడానికి డాక్టర్ అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

“ఈ గది చెవులు ఎవరి దగ్గర ఉంటయి?”

రాజలింగు తన తాళంచెవుల గుత్తి ముందుకు చాపాడు. “నా దగ్గర ఒకటి సార్. డాక్టర్ సాబ్ దగ్గర ఒకటి. ఈ పిల్ల దగ్గర ఒకటి.”

గుత్తిలో మిగిలిన వాటికంటే పొడుగ్గా ఒక పాత ఇత్తడి చెవి ఉంది. ఖుద్దూస్ దాన్ని వేలితో తాకాడు. “ఇదేంది?”

“ఫిల్ము రూముది సార్. పై అంతస్తుల ఉంటది. ఎక్స్‌రే ఫిల్ములు మందునీళ్లల్ల కడిగిన కాలం నాటిది. అప్పుడు నేనే కడుగుతుంటి.” రాజలింగు ముఖంలో మొదటిసారి కొంచెం వెలుతురు వచ్చింది. “పాత ఫిల్ములన్నీ అండ్లనే ఉన్నయి. పారేయబుద్ధి కాదు. ఫిల్ము మనది కాదు గద సార్, పేషెంటుది. ఎప్పుడో ఒకనాడు వచ్చి అడుగుతరు.”

“అడిగిండ్రా ఎవరన్నా?”

“ఒక్కళ్లు గూడ రాలే,” అని రాజలింగు గుత్తి వెనక్కి తీసుకున్నాడు.

*

కింద గౌరవ్వ చాయ్ డబ్బా ముందు రెండు బల్లలు, ఒక స్టూలు ఉన్నాయి. ఎదుటి వరసలో పిండి గిర్ని ఆగకుండా చప్పుడు చేస్తోంది. ఖుద్దూస్ బల్ల మీద కూర్చోగానే అడక్కుండానే గ్లాసు వచ్చింది.

“నువ్వేనా పోలీసాయన?” అంది గౌరవ్వ.

“ఒకప్పుడు.”

“ఇప్పుడేం పని మరి?”

“అడగడమే.”

“అడుగు. నేను చెప్పకపోతే ఎవరు చెప్తరు? వాళ్ల సర్వర్‌కు నేనే పెండ్లాం లెక్క. అది అలిగినప్పుడల్లా నాకు గిరాకి.” గౌరవ్వ తన మాటకు తనే నవ్వుకుంది. “సర్వర్ చాయ్ అంటరు వాళ్లు. కరెంటు వోయి వచ్చిందంటే మందంత మెట్లు దిగుడే. అది లేచేసరికి నా గిన్నె ఖాళీ.”

“ఈ అలవాటు ఎప్పటి నుంచి?”

“పోయిన వానకాలం కెల్లి. అంతకుముందు కరెంటు వోయినా ఒక్కడు దిగకపోయేది.”

“మంగళవారం ఎవరెవరు వచ్చిండ్రు?”

“అందరు వచ్చిండ్రు. మెహక్ గీ స్టూలు మీదనే కూసున్నది. సగం తాగి అందరికన్న ముందుగాల పైకి ఉరికింది. ఎప్పుడు గంతే, ఆ పిల్ల నౌకరీ గట్లాంటిది. రాజలింగు సారు మాత్రం గిలాస పట్టుకొని గిట్లనే ఉన్నడు. చాయ్ మీద మీగడ కట్టింది. ‘ఏంది సారూ, చాయ్ చేదైందా?’ అన్న. ఎప్పుడు నవ్వే మనిషి, నవ్వలే.”

“డాక్టర్?”

“ఆయన నా చాయ్ ఎందుకు తాగుతడు? ఆయనకు పైన గ్రీన్ టీ ఉంటది.”

“ఆ రోజు కరెంటు చాలాసేపు పోయిందా?”

“యాడ పోయింది?” గౌరవ్వ తన నెత్తి మీద తిరుగుతున్న ఫ్యాను వైపు చెయ్యెత్తింది. “ఇది తిరుగుతనే ఉండె. గిర్ని నడుస్తనే ఉండె. వాళ్ల బిల్డింగుకే పోయింది.”

ఖుద్దూస్ గ్లాసును పెదవుల దాకా తెచ్చి ఆపాడు. మంగళవారం చాయ్ తాగిన అందరూ పైన ఉన్నవాళ్లే. వాళ్లలో ఎవరూ ఎదుటి గిర్ని వైపు చూడలేదు. చీకటి పడ్డప్పుడు మనిషి తన గదిలో పడ్డదే చూస్తాడు గానీ, పక్కింట్లో దీపం వెలుగుతోందా అని అడగడు.

“గౌరవ్వా, ఈ మాట ఇంకెవరికన్నా చెప్పినవా?”

“ఎవరన్నా అడిగితే గద!”

*

“చాయ్ బాగుందా ఖుద్దూస్ గారూ?” సతీశ్ ల్యాప్‌టాప్ మీద నుంచి చూపు ఎత్తకుండానే అడిగాడు. వయసు ముప్పై దాటి ఉంటుంది. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో కంపెనీ పట్టీ.

“బాగుంది. మీరు తాగినట్టు లేరు. తాగి ఉంటే మీ రిపోర్టు వేరేగా ఉండేది.”

“నేను చాయ్ డబ్బాల దగ్గర ఆడిట్ చేయను.”

“మంగళవారం కరెంటు ఈ ఒక్క బిల్డింగుకే పోయిందని ఆ డబ్బా దగ్గరే తెలిసింది. ఎవరో మెయిన్ స్విచ్ దించిండ్రు.”

సతీశ్ వేళ్లు ఒక క్షణం ఆగాయి. “దించితే ఇంకా మంచిదే. నా వాదన బలపడుతుంది. వినండి.” అతను లేచి, గది మధ్యలో ఉన్న ఇనుప అర దగ్గరికి వచ్చాడు. “ఇది లినక్స్ సర్వర్. పేరుకు ఒక్క యంత్రమే. స్కాన్ల భాండాగారం, కెమెరాల రికార్డింగు, హాజరు, అన్నీ దీని లోపల నడిచే వర్చువల్ మెషీన్లు. వాటిని లేపేది ఒక వర్చువలైజేషన్ సర్వీసు. అది లేస్తేనే ఇవి లేస్తాయి. ఎక్కడైనా అది నాలుగైదు సెకన్ల పని. ఇక్కడ పది నిమిషాలు దాటుతోంది. ఆ పది నిమిషాలూ కెమెరాలు గుడ్డివి. అవునా?”

“అవును.”

“ఈ ఆలస్యం పోయిన వానాకాలం మొదలైంది. ఈ అమ్మాయి చేరింది అప్పుడే. ఇక్కడ లినక్స్ తెలిసింది ఈమెకు ఒక్కదానికే. కాబట్టి ఆలస్యాన్ని పుట్టించింది ఈమె. ఎవరు పుట్టించారో వాళ్లే దొంగ. ఇందులో మీకు ఎక్కడ అభ్యంతరం?”

“ఆలస్యం ఎక్కడ దాగి ఉందో మీకు దొరికిందా?”

“ఒక రోజు ఇస్తే దొరుకుతుంది.”

“ఫిర్యాదు ఇయ్యాల, రుజువు రేపు. అభ్యంతరం అక్కడుంది.”

మెహక్ చేతులు ఒళ్లో పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. గోడ గడియారం వైపు మాత్రం చూడటం లేదు.

మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ చూసి, డాక్టర్ అనుమతి అడిగి, ఖుద్దూస్ సర్వర్‌ను ఒకసారి ఆపి లేపాడు. యంత్రం మామూలుగానే లేచింది. తెర మీద అక్షరాలు వరసగా దిగాయి. వర్చువలైజేషన్ సర్వీసు దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. కర్సర్ ఒక్కటే మిణుకుమిణుకుమంటోంది.

“చూశారా?” అన్నాడు సతీశ్.

“చూస్తున్న.”

ఖుద్దూస్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆగిపోయినదాన్ని చూస్తే మనకు పడుకున్నట్టు కనిపిస్తుంది. చాలాసార్లు అది పడుకోదు, దేనికోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. పడుకున్నదాన్ని తట్టి లేపాలి. ఎదురుచూసేదాన్ని మాత్రం ఎవరి కోసమని అడగాలి. అతను మరో కిటికీ తెరిచి, ఆ సర్వీసు ఈ క్షణంలో ఏం చేస్తోందో చెప్పమని యంత్రాన్ని అడిగాడు.

జవాబు ఒక్క వరసలో వచ్చింది. సర్వీసు ఒక అడ్రసును పిలుస్తోంది. పలుకు లేదు. కాసేపు ఆగి మళ్లీ పిలుస్తోంది.

మెహక్ ముందుకు వంగింది. “ఇది… ఎల్లారెడ్డి పెట్టె అడ్రసు చాచా!”

“ఏం పెట్టె?”

“ఎల్లారెడ్డిల మనకు బ్రాంచి ఉండె. నేను రాకముందు. రెండు ఊర్లను టవరు లింకుతోని ఒకే నెట్‌వర్క్‌గ కట్టిండ్రు. ఇక్కడి స్కాన్లకు రెండో కాపీ దినాం రాత్రి అక్కడి స్టోరేజ్ పెట్టెల పడేదట. బ్రాంచి మూసేసిండ్రు. లింకు మాత్రం ఇంకా ఉంది.”

ఖుద్దూస్ సెట్టింగులు తీశాడు. లేవగానే తనంతట తాను జోడించుకోవలసిన నిల్వల వరసలో ఎల్లారెడ్డి పెట్టె పేరు ఇంకా ఉంది. పెట్టె పోయింది గానీ, అది పోయిందని ఈ యంత్రానికి ఎవరూ చెప్పలేదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది ఎల్లారెడ్డిని పిలిచి, జవాబు రాక, ఓపిక పట్టి, చివరికి ఆశ వదులుకుని మిగిలిన పనిలో పడుతోంది. ఆ ఓపిక నిడివే గౌరవ్వ గిరాకీ.

“మరి నువ్వెందుకు సరిచేయలే?” అని మెహక్‌ను అడిగాడు.

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. “నేను చేరిన మొదటి రోజే కరెంటు వోయింది. ‘ఇది గింతే సేపు పడతది, చాయ్ తాగుదాం రా’ అని తోలుకపోయిండ్రు. ఇది గింతే అనుకున్న. జబ్బనుకోలే.”

తప్పు పాతబడితే ఆచారమవుతుంది, ఆచారాన్ని ఎవరూ పరీక్షించరు. ఖుద్దూస్ తన గురించీ ఆలోచించుకున్నాడు. ఇంట్లో గట్టిగా లాగితే తప్ప పడని గడియ ఒకటి ఉంది. ఎన్నేళ్లుగా లాగుతున్నాడో గుర్తులేదు.

“ఆ పేరును ఈమే చేర్చి ఉండొచ్చు,” అన్నాడు సతీశ్.

“ఈమె చేరకముందటి తేదీ ఉంది.”

“తేదీలు మార్చవచ్చు. ఆ సంగతి మీకూ తెలుసు.”

“తెలుసు. ఎట్ల ఒప్పుకుంటరు మరి?”

“ఆ పెట్టె జవాబిచ్చి, సెట్టింగు ముట్టకుండానే సర్వీసు వెంటనే లేస్తే ఒప్పుకుంటాను. ఆలస్యం పెట్టె లేకపోవడం వల్ల పుట్టిందని అప్పుడు నేనే రాసిస్తాను.” సతీశ్ తలుపు వైపు తిరిగాడు. “కానీ పెట్టె ఎక్కడుంది? చెప్పండి రాజలింగు గారూ.”

రాజలింగు గుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “బ్రాంచి మూసేటప్పుడు వాన నీళ్లల్ల మునిగింది సార్. పాత సామాన్ల తుక్కుకు పోయింది. డాక్టర్ సాబ్‌కు గూడ అప్పుడే చెప్పిన.”

“అండ్ల భూమేశ్ భార్య స్కాన్ కాపీ ఉండేదా?” అన్నాడు ఖుద్దూస్.

రాజలింగు బదులు మెహకే నెమ్మదిగా అంది. “ఆమెది బ్రాంచి మూయకముందటి స్కాన్ చాచా. ఉండాలె.”

“ఐదింటి వరకే మీకు సమయం,” అని సతీశ్ మళ్లీ తన కుర్చీలోకి వెళ్లాడు.

“నీళ్లు తాగి వస్త,” అని రాజలింగు బయటికి నడిచాడు. వెళ్తూ మెహక్ తల వైపు ఒకసారి చూశాడు. ఆమె చూడలేదు. ఖుద్దూస్ చూశాడు.

*

ఖుద్దూస్ వరండాలోకి వచ్చి, మెహక్ ఇచ్చిన నంబరుకు ఫోను చేశాడు. ఎల్లారెడ్డిలో ఆ బ్రాంచి నడిచిన భవనానికి కాపలా ఉండే ఎల్లయ్య ఎత్తాడు.

“వాన నీళ్లా? గడప దాటలే సారూ. ఎవరన్నరు మునిగిందని?”

“మరి ఆ స్టోరేజ్ పెట్టె ఏమైంది?”

“రాజలింగు సారు తీసుకపోయిండు. శాలువల చుట్టి, బస్సుల ఒళ్లె పెట్టుకొని. పక్క సీటు మీద పెట్టు సారూ అంటే ఇనలే. ‘దీంట్ల మనుషులున్నరు ఎల్లయ్యా’ అన్నడు. నాకు నవ్వొచ్చింది. ఏం మనుషులో ఏమో.”

ఖుద్దూస్ ఫోను జేబులో వేసుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఫిల్ము పేషెంటుది. ఎప్పుడో ఒకనాడు వచ్చి అడుగుతారు. తుక్కులో వేయమని యజమాని చెప్పి ఉంటాడు. వేశానని ఈయన చెప్పి ఉంటాడు. ఆనాడు అది ఎవరికీ హాని చేయని చిన్న అబద్ధం. ఇవాళ ఆ అబద్ధం ఒక అమ్మాయి మెడకు చుట్టుకుంది. నిజం చెబితే నౌకరీ పోతుంది. చెప్పకపోతే మంగళవారం చాయ్ లాగా ఏదీ గొంతు దిగదు. ఇంతకూ మెయిన్ దించి, డిస్కు తీసింది ఎవరు? కెమెరాలు గుడ్డిగా ఉన్నంతసేపూ రాజలింగు కింద కూర్చుని ఉన్నాడు. మెహక్ పైకి ఉరికేదాకా పైన ఉన్నదల్లా చాయ్ తాగని ఒకే ఒక్క మనిషి.

అతను గదిలోకి అడుగుపెట్టాడో లేదో, కరెంటు పోయింది.

బ్యాటరీలు చచ్చి చాలా కాలమైన యూపీఎస్ ఒక కూత కూసి ఊరుకుంది. సర్వర్ ఫ్యాన్లు ఆగిపోయాయి. వరండాలో ఎవరో ఉత్సాహంగా “సర్వర్ చాయ్!” అని కేక వేశారు. మెట్ల మీద చెప్పుల చప్పుళ్లు. రిసెప్షన్ అమ్మాయి నవ్వు. అంతా కిందికి దిగిపోయింది.

ఖుద్దూస్ కిటికీ దగ్గరికి నడిచాడు. గౌరవ్వ ఫ్యాను తిరుగుతోంది. గిర్ని ఆగలేదు.

“మళ్లీ మన బిల్డింగుకే,” అన్నాడు సతీశ్‌తో. “ఈసారి మనం కిందికి పోవద్దు.”

కరెంటు వచ్చింది. సతీశ్ తనకు తెలియకుండానే లేచి వచ్చి ఖుద్దూస్ వెనక నిలబడ్డాడు. యంత్రం ఊపిరి తీసుకుంది. అక్షరాలు దిగాయి. వర్చువలైజేషన్ సర్వీసు పేరు వచ్చింది.

ఆగలేదు.

దాని కింద వరస, ఆ కింద వరస. భాండాగారం, కెమెరాలు, హాజరు. గోడ మీద కెమెరాల తెర నల్లగా మెరిసి నాలుగు గదులను చూపించింది. కింద గౌరవ్వ ఇంకా గ్లాసుల్లో చాయ్ పోయనేలేదు.

“సెట్టింగు మార్చేశారు మీరు!” అన్నాడు సతీశ్.

“నేను వరండాల ఉన్న. గదిల మీరే ఉన్నరు. మీరే తీసి చూడండి.”

సతీశ్ కీబోర్డు లాక్కున్నాడు. ఎల్లారెడ్డి పెట్టె పేరు ఎక్కడ ఉండేదో అక్కడే ఉంది. ఒక్క అక్షరం మారలేదు. దాని పక్కన మాత్రం కొత్తగా ‘జోడించబడింది’ అన్న గుర్తు.

“అయితే…” మెహక్ ఆ గుర్తు మీద వేలు పెట్టింది. “పెట్టె పలికింది చాచా.”

“ఎల్లారెడ్డి నుంచి,” అన్నాడు సతీశ్. అతని స్వరంలోని పదును పోయింది.

“అది చూద్దాం. టవరు లింకు దాటి జవాబు రావాలంటే ఎంతో కొంత సమయం పడుతది గద. పిలిచి చూడండి.”

సతీశ్ పిలిచాడు. రెప్ప వేసే లోపల జవాబు వచ్చింది. మళ్లీ పిలిచాడు. అంతే. అంత త్వరగా టవరు లింకు దాటి ఏదీ రాదు. అతను తెర మీది ఆ సమయపు అంకె వైపు చూస్తూ, మొదటిసారి ఖుద్దూస్‌ను ‘సార్’ అన్నాడు. “ఇది ఈ బిల్డింగులోనే ఉంది సార్.”

గోడకు బిగించిన నెట్‌వర్క్ స్విచ్ మీద తీగల వరస. పొద్దున ఖుద్దూస్ చూసినప్పుడు ఒక మూల చివరి రంధ్రం చీకటిగా ఉంది. ఇప్పుడు అక్కడ ఆకుపచ్చ చుక్క ఒకటి వెలుగుతోంది. తీగ మీద ఎవరో ఎప్పుడో ఇంకుతో రాసిన చీటీ దాదాపు చెరిగిపోయింది. మెహక్ దగ్గరికి వెళ్లి చదివింది.

“ఫిల్ము రూము.”

ఖుద్దూస్‌కు ఇక అడగవలసింది మిగలలేదు. నోటితో చెప్పలేనిది ఒక మనిషి చేతులతో చెప్పాడు. తాను దాచిన పెట్టెను తగిలించి, తానే మెయిన్ దించి ఎత్తి, చూసుకోండి అన్నాడు. మంగళవారం ఇంకెవరో చేసినదాన్ని సరిగ్గా అదే పద్ధతిలో, ఈసారి అందరికీ కనబడేలా చేసి చూపించాడు.

“బేటా, భూమేశ్ భార్య స్కాన్ వెతుకు. ముందు అదొక్కటే కాపీ చెయ్యి. తర్వాత మిగిలినయి.”

మెహక్ వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. “ఉంది! పెద్దగుంది చాచా, కొంచెం సేపు పడతది.”

“పట్టనీ.”

ఆకుపచ్చ చుక్క వేగంగా మిణుకుమంటోంది. ఖుద్దూస్ దాన్ని చూస్తూ, పైకి వెళ్లాలా ఇక్కడే ఉండాలా అని తూచుకున్నాడు. ఇప్పుడే తలుపు తడితే ఆ మనిషి బెదురుతాడేమో. ఒక ఐదు నిమిషాలు అతన్ని అతని ధైర్యంతో ఒంటరిగా వదిలేయడం మేలనిపించింది. స్కాన్ వచ్చాక వెళ్దాం, కూర్చుని మాట్లాడదాం. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే సతీశ్ గదిలో లేడు.

అతను వరండాలోంచి ఫోను చేతిలో పట్టుకుని లోపలికి వస్తున్నాడు. ముఖంలో నిజాయితీ ఉంది. “నేను తప్పు ఒప్పుకున్నాను సార్. రాసిస్తాను. ఐదింటి ఫిర్యాదు వెళ్లదు, ఈమె పేరు ఎక్కడా ఉండదు. ఆ మాటే మా క్లయింట్‌కు కూడా చెప్పేశాను.”

“ఎవరికి?”

“డాక్టర్ గారికి. ఏది తేలినా వెంటనే చెప్పాలని నా కాంట్రాక్టు.”

“ఏమని చెప్పిండ్రు?” ఖుద్దూస్ గొంతు పెరగలేదు. “మాటకు మాట చెప్పండి.”

“ఎల్లారెడ్డి పెట్టె దొరికింది, స్కాన్లు దాంట్లో ఉన్నాయి అని…” సతీశ్ తలుపు వైపు చూశాడు. “ఫిల్ము రూములో ఉందని.”

“ఆయన ఏమన్నడు?”

“ఏమీ అనలేదు. ఫోను పెట్టేశారు.”

స్విచ్ మీద ఆకుపచ్చ చుక్క ఆరిపోయింది.

“చాచా,” అంది మెహక్. “పెట్టె పోయింది.”

“స్కాన్?”

ఆమె తెర మీదికి వంగి, ఒక్కొక్క అక్షరం వేలితో చూసుకుంది. “వచ్చింది. ఆమెది మొత్తం వచ్చింది. మిగిలినయి ఒక్కటి గూడ రాలే.”

“రెండు చోట్ల దాచు. తలుపు గడియ పెట్టుకో. నేను గాని మీ అమ్మ గాని పిలిస్తేనే తియ్యి.”

అతను మెట్లెక్కుతూనే రాజలింగు నంబరు నొక్కాడు. సతీశ్ రెండేసి మెట్లు దాటుకుంటూ ముందు పరుగెత్తాడు. పై అంతస్తులో మనిషి అలికిడి లేదు. అందరూ కింద ఉన్నారు. ఇంత తొందరగా సర్వర్ లేచిందని వాళ్లకు ఇంకా తెలియదు. డాక్టర్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. బల్ల మీద గ్రీన్ టీ కప్పులోంచి ఆవిరి వస్తోంది. కుర్చీ ఖాళీగా ఉంది.

వరండా చివర ఫిల్ము రూము. పాత కాలపు ఇనుప గొళ్లెం బయటి నుంచి పడి ఉంది. గొళ్లేనికి తాళం. పొడుగు ఇత్తడి చెవి తాళంలో లేదు.

“రాజలింగు గారూ!” సతీశ్ అరచేతులతో తలుపు బాదాడు. “రాజలింగు గారూ!”

ఖుద్దూస్ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. వినమన్నట్టు తల వంచాడు.

తలుపు అవతల, ఎవరూ వచ్చి అడగని ఫిల్ముల మధ్య ఎక్కడో, రాజలింగు ఫోను మోగుతోంది. మోగి ఆగింది. ఖుద్దూస్ మళ్లీ నొక్కాడు. మళ్లీ మోగింది. అతను ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు. పలుకు లేదు. కాసేపు ఆగి, మళ్లీ పిలిచాడు.